ఊరి చెత్త, చేని ఎరువు



ఈనాడు మీతో చెత్త గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. వ్యవసాయ కార్యక్రమంలో చెత్త ముచ్చటేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. చెత్త ఊడ్చే పని పంచాయతీది, మునిసిపాలిటీది. దున్నే పని మనది. ఒకరి పనిలో ఒకరికి జోక్యమెందుకు అనిపించవచ్చు. కాని కాస్త ఆలోచించండి. పట్టణంలో ఊడ్చిన చెత్త చివరకు ఎక్కడికి పోతున్నది? ఊరి బయట గుట్టగా పోస్తే ఆ గుట్ట మన చెలకల పక్కనే లేస్తున్నది. కాలువలో పడేస్తే ఆ నీళ్ళతోపాటు మన మడిలోకి వస్తున్నది. ఎరువుగా మారిస్తే మన పొలానికే చేరవలసి వున్నది. ఏ దారిన పోయినా ఊరి చెత్తకు ఆఖరి మజిలీ రైతు భూమే. అందుచేత చెత్తను గురించి చేసిన చట్టాలు ఏమి చెబుతున్నాయో తెలుసుకోవలసిన అవసరం పట్నవాసి కంటే రైతుకే ఎక్కువ వున్నది.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు - విజయవాడ రహదారి మీద వున్న పట్టణాలు. మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరుపడ్డ ఊరు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు వరి మాగాణులైనాయి. వడ్లు పెరిగినకొద్దీ మిల్లులు పెరిగాయి, సంతలు పెరిగాయి, పట్టణాలు పెరిగాయి. వాటితోపాటు చెత్తా పెరిగింది. కాలువ చివరి భూముల రైతును అడిగి చూడండి. తూము దగ్గర నీళ్ళు నిలిచిపోతే చేయి పెట్టి తీసేది ఇదివరకు తుంగ, గుర్రపుడెక్క. ఇప్పుడు వాటితోపాటు ప్లాస్టిక్ సంచులు, సీసాలు కూడా చేతికి వస్తున్నాయి.

పట్టణపు చెత్తతో ఎరువు చేయటం కొత్త సంగతి కాదు. సర్ ఆల్బర్ట్ హోవర్డ్ 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసి, పేడ, ఆకు అలము పొరలు పొరలుగా వేసి తిరగవేసే కంపోస్టు పద్ధతిని తయారుచేశాడు. దానిని ఇండోరు పద్ధతి అంటారు. తర్వాత 1939లో బెంగుళూరులో డాక్టర్ సి.ఎన్. ఆచార్య పట్టణపు చెత్తనూ, మలాన్నీ కందకాలలో పొరలుగా వేసి మన్ను కప్పి ఎరువు చేసే పద్ధతిని రూపొందించాడు. అది బెంగుళూరు పద్ధతి. ఆ కాలంలో పట్టణపు చెత్త అంటే బూడిద, ఆకులు, కూరగాయల తొక్కలు, పేడ, దుమ్ము. పది నెలలు మగ్గితే అంతా మన్నులో మన్నై పోయేది.

తర్వాత చెత్తలోకి ప్లాస్టిక్ వచ్చింది. గాజు వచ్చింది. టార్చి సెల్లులు, ట్యూబులైట్లు, రంగు డబ్బాలు, ఇంజక్షను సూదులు వచ్చాయి. ఇవి మగ్గవు. మగ్గకపోవటం ఒకటే అయితే పరవాలేదు. మగ్గే వాటిని కూడా పాడుచేస్తాయి. ఒక తట్ట అన్నం మెతుకులలో ఒక పగిలిన సెల్లు పడితే ఆ తట్ట ఎరువుకు పనికిరాదు. కాబట్టి చెత్త సమస్యకు మొదటి మందు వేరుచేయటమే. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, ప్రమాదకరమైనది వేరు. చట్టాలన్నీ చెప్పేది చివరకు ఈ ఒక్క మాటే.

ఆ చట్టాల వరుస క్లుప్తంగా చెబుతాను. సుప్రీంకోర్టులో 1996లో శ్రీమతి అల్మిత్రా పటేల్ వేసిన వ్యాజ్యం తర్వాత, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం పట్టణాల చెత్తపై నియమాలు చేసింది. 2003 డిసెంబరు ఆఖరుకు ప్రతి పట్టణమూ చెత్తను శుద్ధిచేసే ఏర్పాటు చేసుకోవాలని గడువు పెట్టింది. తర్వాత 2016 ఏప్రిల్‌లో మరింత గట్టి నియమాలు వచ్చాయి. చెత్తను వేరుచేసి ఇవ్వటం ప్రతి ఇంటి బాధ్యత అనీ, వీధిలో, మురుగు కాలువలో, చెరువులో పారవేయరాదనీ, కాల్చరాదనీ చెప్పాయి. అయితే పంచాయతీలు, మునిసిపాలిటీలు రాష్ట్ర ప్రభుత్వం కింద నడిచేవి. నియమం ఎంత మంచిదైనా ఊళ్ళో దానిని నడిపేది రాష్ట్ర చట్టమే. తెలంగాణా రాష్ట్రం 2018లో పంచాయతీరాజ్ చట్టాన్నీ, 2019లో మునిసిపాలిటీల చట్టాన్నీ కొత్తగా చేసుకున్నది. 2018 చట్టం పారిశుధ్యాన్ని గ్రామ పంచాయతీ ముఖ్య బాధ్యతలలో ఒకటిగా పెట్టింది. వీధిలో చెత్త వేసేవారికి జరిమానా పెట్టింది. బాధ్యత నెరవేర్చని సర్పంచిపై, కార్యదర్శిపై చర్య తీసుకునే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమం కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి. ఉపాధి హామీ పనులలో చెత్త వేరుచేసే షెడ్లు కట్టారు.

అయితే చట్టం రావటం వేరు, చెత్త వేరు కావటం వేరు. దీనికి సూర్యాపేట కథే మంచి ఉదాహరణ. 2003లో, అంటే ఈ రాష్ట్ర చట్టాలకు పదిహేనేళ్ళ ముందే, సూర్యాపేట మునిసిపాలిటీ ఈ పని చేసి చూపించింది. అప్పటికి పట్టణ జనాభా సుమారు లక్ష. కమిషనరుగా వున్న ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధుల్లోని చెత్తకుండీలను తీసివేయించారు. కుండీ వుంటే అన్నీ కలిపి అందులో వేస్తారు, దాని చుట్టూ పందులూ, పశువులూ చేరతాయి. కుండీయే లేకపోతే ఇంటి దగ్గరే ఇవ్వాలి. ఇంటింటికీ రెండు డబ్బాల పద్ధతి వచ్చింది; తడి చెత్త ఒకదానిలో, పొడి చెత్త రెండవదానిలో. ట్రాక్టరు పెట్టెలో మధ్యన అడ్డం పెట్టి రెండింటినీ విడివిడిగా తీసుకుపోయారు. తడి చెత్తను వానపాములతో ఎరువుగా మార్చారు. పొడి చెత్తను అమ్మారు. కుండీలు లేని పట్టణమని సూర్యాపేటకు దేశమంతటా పేరు వచ్చి, ఇతర రాష్ట్రాల వాళ్ళు వచ్చి చూసిపోయారు. పెద్ద యంత్రమూ లేదు, కోట్ల ఖర్చూ లేదు. చెత్త పుట్టినచోటనే వేరైంది, అంతే.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటి వున్నది. పట్టణం ఎరువు తయారుచేయగలదు, కాని వాడుకోలేదు. దానికి పొలం లేదు. ఎరువు కదలకపోతే షెడ్డు నిండుతుంది. షెడ్డు నిండితే వేరుచేసే పని ఆగుతుంది. అది ఆగితే మళ్ళీ అన్నీ కలిసి ఊరి బయట గుట్టకు పోతాయి, గుట్టకు నిప్పు పెడతారు, పొగ మన చేల మీదికి వస్తుంది. అంటే ఇంటి గడప దగ్గర మొదలైన గొలుసుకు ఆఖరి కొక్కెం రైతు చేతిలో వున్నదన్నమాట. రైతు ఆ ఎరువు తీసుకుంటేనే చట్టం నిలబడుతుంది.

అయితే రైతు కళ్ళు మూసుకొని తీసుకోవాలా? అక్కరలేదు. కోదాడ వైపు ఒక ఊళ్ళో రైతు వేదికలో ఈ మాటే చెబుతుంటే ఒక పెద్దాయన లేచి అడిగాడు: "సారూ, పట్నపోళ్ళ ఎంగిలి చెత్తకు మా పొలమే దొరికిందా? నాట్లేసే ఆడోళ్ళ కాళ్ళకు సీసపెంకులు గుచ్చుకుంటే ఎవడొస్తడు దవాఖానకు?" ఆ ప్రశ్న న్యాయమైనది. నాట్లు వేసే తల్లులు చెప్పులు లేకుండా బురదలో దిగుతారు. ఒక్క గాజుముక్క చాలు, పది రోజుల కూలి పోతుంది, ధనుర్వాతం భయం వుండనే వుంటుంది. సరిగా వేరుచేయని ఎరువు వద్దనటం రైతు హక్కు. నేను ఇంకో అడుగు ముందుకు పోయి చెబుతాను, అది రైతు బాధ్యత కూడా. గాజు వున్న ఎరువును ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఇవాళ ఉచితమని తోలించుకుంటే రేపు వేరుచేసేవాడు నిర్లక్ష్యం చేస్తాడు. మంచి ఎరువుకు డబ్బు పెట్టి కొనండి, చెడ్డ ఎరువును బండితో సహా వెనక్కు పంపండి. జరిమానా కంటే ఇది బాగా పనిచేస్తుంది.

మంచిదో కాదో తెలుసుకోవటమెట్లా? పట్టణపు కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలున్నాయి. అందులో సేంద్రియ కర్బనం నూటికి 12 పాళ్ళకు తగ్గకూడదు. కర్బనానికీ నత్రజనికీ వున్న నిష్పత్తి 20కి మించరాదు. నూటికి 90 పాళ్ళు 4 మిల్లీమీటర్ల జల్లెడలో నుంచి దిగాలి. సీసం కిలోకు 100 మిల్లీగ్రాములకూ, కాడ్మియం 5 మిల్లీగ్రాములకూ మించరాదు. అమ్మేవారిని పరీక్ష కాగితం చూపించమని అడగండి. సంచి మీద ఏమి రాసివుందో చదవండి, లేదా బడికి పోయే పిల్లలచేత చదివించండి.

కాగితం చూడటంతోనే ఆగకండి. చేతి పరీక్షలు కొన్ని వున్నాయి. మొదటిది, వాసన. మగ్గిన ఎరువు తొలకరి చినుకు పడ్డ మన్ను వాసన వస్తుంది. కుళ్ళు వాసనగానీ, ముక్కుకు ఘాటు తగిలే వాసనగానీ వస్తే ఇంకా మగ్గలేదని అర్థం. రెండవది, వేడి. కుప్ప లోపలికి చేయి పెడితే వెచ్చగా తగిలితే లోపల పని ఇంకా సాగుతున్నట్టు. మూడవది, జల్లెడ. రెండు కిలోలు తీసుకొని జల్లించి, పైన మిగిలినది గుడ్డ మీద పరచి చూడండి. గాజు, ప్లాస్టిక్, మేకులు వుంటే అక్కడే బయటపడతాయి. నాలుగవది, గింజల పరీక్ష. రెండు చిప్పలు తీసుకోండి. ఒకదానిలో ఉత్త మన్ను, రెండవదానిలో సగం మన్ను సగం ఎరువు కలిపి, ఒక్కొక్క దానిలో పది పెసర గింజలు వేసి తడిపి వారం చూడండి. ఎరువు వేసిన చిప్పలో మొలకలు తక్కువగా వచ్చినా, పచ్చబడి కాలిపోయినట్టు వున్నా ఆ ఎరువు పొలానికి తోలవద్దు.

మగ్గని ఎరువు వల్ల నష్టమేమిటని అడగవచ్చు. మగ్గబెట్టే సూక్ష్మజీవులకు కూడా నత్రజని కావాలి. పచ్చి ఎరువు వేస్తే అవి మట్టిలోని నత్రజనిని తామే తీసుకుంటాయి. నారు, నాటు పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పుడు రైతు భయపడి మరొక బస్తా యూరియా వేస్తాడు. లాభానికి వేసినది ఖర్చు తెచ్చిపెడుతుంది.

ఇక నిజాయితీగా ఇంకో లెక్క చెప్పాలి. కంపోస్టు వేస్తే యూరియా అక్కరలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని వుంటుంది. నూటికి 0.8 పాళ్ళు నత్రజని వున్న కంపోస్టు ఒక టన్ను వేస్తే వచ్చేది 8 కిలోలు. అందులోనూ మొదటి పంటకు అందేది కొద్ది భాగమే. ఒక్క నత్రజని లెక్కే చూస్తే ఒక బస్తా యూరియాకు రెండున్నర టన్నుల కంపోస్టు కావాలి. మరి ఎందుకు వేయాలి? మట్టి కోసం వేయాలి. ఏటా రెండు వరి పంటలు తీసే నేల నుంచి మనం గింజ తీసుకుపోతున్నాం, గడ్డి తీసుకుపోతున్నాం లేదా కాలుస్తున్నాం. తిరిగి ఇచ్చేది బస్తాల మందే. సేంద్రియ పదార్థం తగ్గిన నేల వాన పడితే గట్టిపడుతుంది, ఎండ కొడితే బీటలిస్తుంది, వేసిన ఎరువును పట్టి వుంచలేదు. చెలక నేలలలో అయితే నీటిని పట్టే గుణమే తగ్గిపోతుంది. కంపోస్టు ఆ గుణాన్ని తిరిగి తెస్తుంది. మొదట కూరగాయలకు, పండ్ల తోటలకు, చెలకలకు వాడి చూడండి. ఎకరానికి రెండు టన్నులతో, మొదట ఒక మడిలో మొదలుపెట్టి పక్క మడితో పోల్చుకోండి. భూసార పరీక్ష చేయించి మిగతా ఎరువులను దాని ప్రకారం వేయండి.

ఎంత ఎరువు వస్తుందో చిన్న లెక్క వేద్దాం. మన చిన్న పట్టణాలలో మనిషికి రోజుకు 300 గ్రాముల చెత్త అనుకుందాం. లక్ష జనాభాకు 30 టన్నులు. అందులో సగం తడి చెత్త అనుకుంటే 15 టన్నులు. మగ్గి, ఆరి, జల్లెడ పట్టేసరికి నాలుగో వంతు మిగులుతుందనుకుంటే రోజుకు నాలుగు టన్నులకు కాస్త తక్కువ. సాలుకు 1,300 టన్నులకు పైగా. ఎకరానికి రెండు టన్నుల చొప్పున 650 ఎకరాలకు సరిపోతుంది. రెండు వేల జనాభా వున్న పల్లెలో మనిషికి 200 గ్రాములే వేసుకున్నా ఏడాదికి 18 టన్నుల ఎరువు, అంటే తొమ్మిది ఎకరాలది. ఇది మొత్తం ఆయకట్టుకు చాలదు, నిజమే. కాని ఇవాళ ఇదంతా ఏమవుతున్నది? గుట్ట అవుతున్నది, పొగ అవుతున్నది, దోమ అవుతున్నది.

ఇంతవరకు పట్నపు చెత్త సంగతి చెప్పాను. ఇప్పుడు మన చేతిలో పుట్టే చెత్త సంగతి. పట్నవాసిని వేలెత్తి చూపేముందు మన గట్టు మీద ఏమి పడివుందో చూసుకోవాలి గదా.

మొదటిది గడ్డి. కోతమిషను వచ్చిన తర్వాత గడ్డి మడి నిండా చెల్లాచెదరవుతున్నది. యాసంగి కోత కాగానే వానాకాలం నారుకు తొందర. అగ్గిపుల్ల గీస్తే గంటలో మడి ఖాళీ. కాని ఒక టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాషియం వుంటాయి. మంట పెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. పొటాషియం బూడిదలో మిగిలినా గాలికీ, మొదటి వానకూ కొట్టుకుపోయి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. పై మట్టిలోని సూక్ష్మజీవులు కూడా వేడికి చస్తాయి. గట్టు మీది తాటిచెట్టు, పక్కవాని మోటరు పైపు, రోడ్డు మీద పోయే మోటారు సైకిలువాని కళ్ళు - వీటికి జరిగే నష్టం వేరే. గడ్డికి గిరాకీ వుంటే కట్టలు కట్టే మిషను పెట్టి పశువులకు అమ్ముకోండి. లేదంటే నీళ్ళు వున్నచోట ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి, కొయ్యకాళ్ళతో సహా కలియదున్ని, నాటుకు రెండు మూడు వారాల ముందు నీళ్ళు పెట్టి మగ్గనివ్వండి. ఆ భాస్వరాన్ని దుక్కి ఎరువు లెక్కలోనే కలుపుకోవచ్చు, వృధా కాదు.

రెండవది ఊక బూడిద. నూరు కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లులలో ఆ ఊకనే పొయ్యిలో కాలుస్తారు. 20 కిలోల ఊకకు నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. అంటే వంద టన్నుల వడ్లకు నాలుగు టన్నుల బూడిద. మిర్యాలగూడ లాంటిచోట ఇది ఎంతవుతుందో మీరే వూహించుకోండి. టార్పాలిను కప్పకుండా లారీలో పోసుకుపోయి రోడ్డు వార కుమ్మరిస్తే గాలికి లేచి కళ్ళలో పడుతుంది, చేల మీద పరుచుకుంటుంది. ఇందులో ఎక్కువ భాగం సిలికా. ఇటుకల బట్టీలకు, ఇతర పరిశ్రమలకు పనికివచ్చే వస్తువే. పొలంలో వాడేవారు మాత్రం కొద్దిగానే, కంపోస్టు కుప్పలో కలిపి వాడటం మంచిది. మీ భూమి పక్కన ఎవరైనా బూడిద కుమ్మరిస్తుంటే అది గతిలేని వ్యవహారం అనుకోకండి. పంచాయతీకీ, కాలుష్య నియంత్రణ మండలికీ కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి, నకలు దగ్గర వుంచుకోండి.

మూడవది పురుగుమందు డబ్బాలు. ఇది అన్నిటికంటే ప్రమాదం. మందు కొట్టి డబ్బా కాలువలో విసిరేసే అలవాటు మానాలి. అదే కాలువలో కింద ఇంకొకరి గొడ్లు నీళ్ళు తాగుతాయి. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాలలోనే ఖాళీ డబ్బాలను మళ్ళీ వాడకుండా పగులగొట్టి, ఇళ్ళకు దూరంగా పూడ్చాలని వున్నది. డబ్బా ఖాళీ అయిన వెంటనే పావు వంతు నీళ్ళు పోసి, మూత పెట్టి, గట్టిగా కుదిపి, ఆ నీళ్ళు స్ప్రేయరు ట్యాంకులోనే పోయండి. ఇట్లా మూడుసార్లు చేయండి. తర్వాత అడుగున చిల్లు పెట్టండి, మళ్ళీ ఎవరూ నూనెకో నీళ్ళకో వాడరు. బావికీ, కాలువకూ దగ్గరలో పూడ్చవద్దు. ప్రమాదకరమైన చెత్తను మీ పంచాయతీ వేరుగా తీసుకుంటుంటే అక్కడే ఇవ్వండి. ఒక్క మాట మాత్రం గుర్తు: మందు డబ్బా, మందు ప్యాకెటు తడి చెత్తలో ఎప్పుడూ పడకూడదు. పడితే ఆ ఎరువు తిరిగి మన కూరగాయల మడికే వస్తుంది.

నాలుగవది పేడ. ఊళ్ళలో పెంటకుప్పలు రోడ్డు వార వుండరాదని పంచాయతీ చెబితే కొందరు రైతులకు కోపం వస్తున్నది. తరతరాలుగా అక్కడే వేశాం, ఇప్పుడెక్కడికి పోవాలి అంటారు. ఆ ఇబ్బంది కాదనలేము. కాని విప్పివుంచిన కుప్ప మీద వాన పడితే సారమంతా మోరీలోకి కారిపోతుంది, ఎండకు నత్రజని ఆవిరైపోతుంది. మిగిలేది పీచు. చట్టం కోసం కాకపోయినా ఎరువు కోసమైనా గుంట తవ్వటం లాభమే.

గుంట లేదా తొట్టి ఎట్లా వుండాలంటే, నీడ వున్నచోట, నీళ్ళు నిలవని మెరకమీద పెట్టుకోండి. మహారాష్ట్రలో పుట్టిన నాడెప్ పద్ధతిలో పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తున ఇటుకలతో, గాలి ఆడేటట్టు సందులు వదిలి తొట్టి కడతారు. అడుగున గడ్డి, ఆకు, చెరకు చెత్త, కంది కట్టె పొట్టు. దాని మీద పేడ నీళ్ళు. దాని మీద పలుచగా మన్ను - ఇట్లా పొరలు వేస్తూ పోవాలి. వరిగడ్డిలో కర్బనం మెండు, నత్రజని తక్కువ. పేడలో, కూరగాయల తొక్కలలో నత్రజని మెరుగు. గడ్డి ఒకటే వేస్తే మగ్గదు, తొక్కలు ఒకటే వేస్తే కుళ్ళి కంపు కొడుతుంది. రెండూ కలిస్తేనే పని. ఊరి తడి చెత్తా, పొలం గడ్డీ ఒకదానికొకటి కావలసినవని దీనివల్ల తేలుతున్నది. తేమ సరిపోయిందా లేదా అనేందుకు గుప్పెడు తీసి పిండండి. చేతికి తడి తగలాలి, నీళ్ళు కారకూడదు. మూడు నాలుగు నెలల్లో ఎరువు చేతికి వస్తుంది.

వానపాముల ఎరువు చేసేవారు పచ్చి చెత్త మీద పాములు వేయకండి. పదిహేను, ఇరవై రోజులు మగ్గి వేడి చల్లారిన తర్వాతనే వేయాలి. లేకుంటే వేడికి చస్తాయి. నీడ వుండాలి, తడి ఆరకూడదు, చీమలు చేరకుండా చుట్టూ నీటి కాలువ పెట్టుకోవాలి.

విస్తరణ పనిలో వున్న నా తోటివారికి ఒక మనవి. మన క్లస్టరులోని ప్రతి పంచాయతీలో చెత్త షెడ్డు ఎక్కడ వున్నదో, అందులో ఏడాదికి ఎంత ఎరువు వస్తున్నదో కార్యదర్శిని అడిగి రాసుకుందాం. కొన్నిచోట్ల షెడ్డు వున్నది, ఎరువు లేదు. కొన్నిచోట్ల ఎరువు వున్నది, అడిగేవారు లేరు. పారిశుధ్యం ఒక శాఖది, ఎరువు ఒక శాఖది కావటం వల్ల మధ్యలో ఎరువు ఆగిపోతున్నది. ఆ మధ్య ఖాళీలో నిలబడవలసింది మనమే. భూసార పరీక్షకు మట్టి పంపేటప్పుడు ఊరి కంపోస్టు నమూనాను పరీక్షించే ఏర్పాటు ఎక్కడ వున్నదో కూడా కనుక్కుందాం. ఫలితం బాగుంటే రైతు వేదికలో చదివి వినిపిద్దాం. బాగా లేకపోతే అదీ చదివి వినిపిద్దాం. అప్పుడే రైతు మన మాట నమ్ముతాడు.

పారిశుధ్య కార్మికుల గురించి ఒక మాట చెప్పక తప్పదు. మనం గడప దగ్గర వేరుచేయనిది వాళ్ళు చేతులతో వేరుచేయవలసి వస్తున్నది. పట్నంలో గాజుముక్క ముందు వాళ్ళ చేతికి గుచ్చుకుంటుంది, వాళ్ళ చేయి దాటిపోయిందే మన నాటు కూలీ కాలికి గుచ్చుకుంటుంది. ఇద్దరికీ గాయం తప్పాలంటే ఇంట్లో రెండు డబ్బాలు పెట్టటం తప్ప మరొక ఉపాయం లేదు.

ఇంతవరకు చెప్పినదాన్ని క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త విడివిడిగా పెట్టండి. గడ్డిని కాల్చకండి, కలియదున్నండి లేదా కంపోస్టు చేయండి. మందు డబ్బాను మూడుసార్లు కడిగి చిల్లు పెట్టండి, కాలువలో వేయకండి. పట్టణపు ఎరువు కొనేముందు వాసన, వేడి, జల్లెడ, పెసర గింజల పరీక్షలు చేయండి. శుభ్రమైన ఎరువుకు ధర ఇవ్వండి, గాజు వున్న ఎరువును తిరగ్గొట్టండి. వచ్చే గ్రామసభలో లేచి, మన ఊరి షెడ్డులో ఎరువు ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చారు అని అడగండి. ఈ ప్రశ్న అడగటానికి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మీకు పూర్తి హక్కు వున్నది.

చట్టం కాగితం మీద వుంటుంది. సర్కారు జరిమానా వేయగలదు, ట్రాక్టరు ఇవ్వగలదు, షెడ్డు కట్టగలదు. కాని ఆ ఎరువు మన్నులో కలిసి పైరుకు పచ్చదనం ఇవ్వాలంటే దాన్ని పొలానికి తోలేది రైతే. మన పాత పెద్దలు పెంటకుప్పను లక్ష్మి అన్నారు. ఆ లక్ష్మిని గాజుముక్కలతో, ప్లాస్టిక్‌తో కలపకుండా వుంచుకోవటమే ఇప్పుడు మన పని.